అరువు కండ్లు

చచ్చినవాళ్ల కండ్లు తెరవడంలో జీవితకు కోయంబత్తూరు పక్కన కారమడై చుట్టుపక్కల మంచి పేరు ఉంది.

బతికినన్నాళ్లూ ఒక్క మంచి ఫోటో అయినా తీయించుకోని ముసలివాళ్లు పోతే, ఇంటివాళ్లు శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నోరు తెరుచుకోకుండా దవడకు గుడ్డ కట్టి, సెల్‌ఫోన్‌తో ఒక ఫోటో తీస్తారు. దాన్ని పట్టుకుని రామక్కాళ్ స్టూడియోకు పరుగెత్తుకొస్తారు. పెద్దకర్మ చేసే కరుమాది నాటికి ఫ్రేము కట్టించి దండ వేయాలి కదా. జీవిత పాత డెస్క్‌టాప్ ముందు కూర్చుని దవడ గుడ్డను చెరిపేస్తుంది. ముఖానికి బ్రైట్‌నెస్ పెంచుతుంది. వెనకాల ఏడుస్తున్న జనాన్ని తీసేసి నీలం రంగు పోస్తుంది. భుజం మీద జరీ కండువా వేస్తుంది. అన్నీ అయ్యాక కండ్లు తెరుస్తుంది.

"కండ్లు తెరిచి ఉంటే ఇంటి మనిషి. మూసి ఉంటే పీనుగ. అంతే కణ్ణూ," అని స్టూడియో ఓనరమ్మ రామక్కాళ్ మొదట్లోనే చెప్పింది.

మూసిన కండ్లు మౌస్ నొక్కితే తెరుచుకోవు. బతికున్నవాళ్లవి ఎవరివో తెచ్చి అతికించాలి. జీవిత అతికించేవి ఆండియప్ప కండ్లు.

ఆండియప్ప ఊరి బయట కరివేపాకు తోట రైతు. ఆకు మోపులు మదురై మార్కెట్ దాకా వేసుకుపోయి అమ్ముతాడు. రైతు కార్డుకు ఫోటో కావాలని ఒకసారి వచ్చాడు. ఫ్లాష్ పడినా రెప్ప వేయలేదు. నిండుగా, తేటగా, ఎదుటి మనిషిని నమ్మినట్టు చూసే కండ్లు. వాటిని కత్తిరించి కంప్యూటర్‌లో దాచుకుంది. అప్పటినుంచి ఆ ఊళ్లో పోయిన వాళ్లంతా తమ తమ గోడల మీదినుంచి ఆండియప్ప కండ్లతోనే చూస్తున్నారు. ఆ సంగతి ఆండియప్పను ఆమె అడగలేదు, చెప్పనూ లేదు.

అతనేమో వచ్చినప్పుడల్లా బల్ల మీద కరివేపాకు కట్ట ఒకటి పెట్టి పోతాడు.

"వద్దు మామా, పోయినసారిదే ఇంకా ఉండాది."

"ఉండనీ అమ్మణీ. ఆకే కదా, బంగారమా? ఒక మాట చెప్తాను, నవ్వకూడదు. నేను ఏ సావింటికి పోయినా, ఫోటోలో ఉండే ఆ పీనుగ నన్నే చూస్తా ఉండాది! మా బావ బతికున్నన్నాళ్లు నా మొగం చూసి ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు గోడ మీద ఉండి ఎంత పాసంగా చూస్తాడో తెలుసునా?"

ఆమె నవ్వలేదు. కరివేపాకు కట్టను మానిటర్ వెనక్కి జరిపింది. తేలు కుట్టిన దొంగలా ఉంది ఆమె పని.

ఆమె దొంగతనం అదొక్కటే కాదు. ఆమె పేరు జీవిత కాదు. లక్ష్మిప్రియ, కేంద్ర గూఢచారి శాఖలో ఫీల్డ్ ఏజెంట్. ఒక విదేశీ ముఠా ఈ చుట్టుపక్కల చిన్న చిన్న స్టూడియోల్లో దొంగ పేర్లతో గుర్తింపు ఫోటోలు తీయించుకుంటోందని తెలిసి శాఖ ఆమెను ఇక్కడ నాటింది. ఆమె ఇంట్లో మాట్లాడే తెలుగు, తెలుగు కుటుంబాలున్న ఈ తమిళ ఊళ్లో ఇట్టే కలిసిపోయింది. రామక్కాళ్ ఆమెకు పని నేర్పింది, పక్క గది ఇచ్చింది, సాంబారు పంపింది. లక్ష్మిప్రియ తిరిగి ఆమెకు ఒక అబద్ధపు పేరు ఇచ్చింది.

ఒక ఉదయం గళ్ల చొక్కా, నుదుట విబూది పెట్టుకున్న పెద్దమనిషి లోపలికి వచ్చాడు.

"ప్రింటు మ్యాట్‌లో వేస్తారా, గ్లాసీలోనా?"

"గ్లాసీలో వేలిముద్రలు పడతాయి సార్."

కోడ్ కలిసింది. ఆ మనిషి ఆమె చీఫ్ ఉదయకుమార్. రామక్కాళ్ గుడికి పోయి ఉంది. అతను కుర్చీ లాక్కుని పెన్‌డ్రైవ్ ఒకటి బల్ల మీద పెట్టాడు.

"గుడ్లగూబ దొరికాడు."

లక్ష్మిప్రియ చేయి మౌస్ మీద ఆగిపోయింది. గుడ్లగూబ అనేది కోడ్ పేరు. ముఠా నాయకుడు. అసలు ముఖం చూసినవాళ్లు శాఖలో ఎవరూ లేరు. కోయంబత్తూరు వర్క్‌షాపులో తయారవుతున్న సైనిక డ్రోన్ ఇంజిన్ డిజైన్లు అతని మనుషుల చేతికి చిక్కాయి.

"రేపు మదురై మాట్టుతావణి బస్టాండులో వాడికి హ్యాండోవర్," అన్నాడు ఉదయకుమార్. "తేని బస్సు ఎక్కి కేరళ బార్డర్ దాటాలని ప్లాన్. పోయినసారి మనవాళ్లు చుట్టుముడితే సంచిలో చేయి పెట్టి రిమోట్ బటన్ నొక్కినాడు. బస్టాండే లేచిపోయింది, వాడు పొగలో జారుకున్నాడు. కాబట్టి ఈసారి ఆర్డర్ ఒక్కటే. వాడి చేయి సంచిలోకి పోతే షూట్."

"ముఖం?"

"తేన్మొళి పంపింది. రైల్లో వాడు నిద్రపోతా ఉంటే తీసింది."

తేన్మొళి పట్టుచీరల ప్రకటనల్లో కనిపించే అందగత్తె. ముఠాలో ఉంటూనే శాఖకు కబుర్లు అమ్మే డబుల్ ఏజెంట్. ఆమె పంపిన ఫోటో స్క్రీన్ మీదికి వచ్చింది. కిటికీ పక్కన తల వాల్చిన నడివయసు మగవాడు. కండ్లు మూసి ఉన్నాయి.

"మన కంప్యూటర్ మొదట కండ్లనే పట్టుకుంటుంది," అన్నాడు ఉదయకుమార్. "మూసిన కండ్లతో గుర్తింపు కార్డుల ఫోటోల్లో మ్యాచ్ చూడలేనంటుంది. నువ్వు ఇక్కడ రోజూ చేసేది అదే కదా? తెరువు."

"ఇప్పుడేనా సార్?"

"ఇప్పుడే."

ఆమె తెరిచింది. చేయి తనకు అలవాటైన దారిలో తాను పోయింది. క్రాప్ చేసింది, కాంట్రాస్ట్ సరిచేసింది. ఎడమ రెప్ప మీద అడ్డంగా సన్నని మచ్చ, పాత కోత కాబోలు, తెల్లగా మెరుస్తోంది. దాని మీదే కండ్లు తెచ్చి అతికించింది. అంచులు మెత్తగా చేసి, చర్మం రంగు కలిపి, సేవ్ కొట్టింది. స్క్రీన్ మీద గుడ్లగూబ మేలుకున్నాడు. ఎదుటి మనిషిని నమ్మినట్టు చూశాడు.

"బ్రిలియంట్!" అన్నాడు ఉదయకుమార్.

ఆమె లోపల ఏదో చిన్న ముల్లు కదిలినట్టయింది. ఒక్క మాట చెప్పాలనుకుంది. చీఫ్ అప్పటికే పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని లేచాడు. ఆయన మెచ్చుకోవడం అరుదు. ఆమె ఊరుకుంది.

*

మరునాడు మాట్టుతావణి ఎప్పటిలాగే ఊగిపోతోంది. ఒకవైపు బస్సుల హారన్లు, ఇంకొకవైపు టోకు కూరగాయల మార్కెట్‌లో అరుపులు. ఆ రెంటికీ మధ్య ఐస్‌క్రీమ్ బొమ్మ వేసిన వ్యాను ఒకటి ఆగి ఉంది. లోపల ఉన్నది శాఖ కంట్రోల్ రూమ్.

లక్ష్మిప్రియ పత్రికా ఫోటోగ్రాఫర్ వేషంలో వచ్చి వ్యాను ఎక్కింది. మెడలో కెమెరా, దాని మీద పెద్ద ఫ్లాష్. మెడలోని ఐడీ కార్డులో మైక్, చెవిలో బఠాణీగింజంత స్పీకర్. వ్యానులో ఉదయకుమార్ పక్కన తేన్మొళి కూర్చుని అద్దంలో లిప్‌స్టిక్ సరిచేసుకుంటోంది.

"నైంటీ ఎయిట్ పర్సెంట్ మ్యాచ్," అన్నాడు ఉదయకుమార్ స్క్రీన్ తిప్పుతూ. "వాడి ఫోన్ ఇక్కడే ఉంది. మనిషీ ఇక్కడే ఉన్నాడు. ఇదిగో నీ గుడ్లగూబ."

స్క్రీన్ మీద రైతు కార్డు. ఆ ఫోటో తీసింది లక్ష్మిప్రియే. కింద పేరు ఆండియప్ప, ఊరు కారమడై.

ఆమె ఉదయకుమార్ చేయి పట్టుకుంది.

"సార్, ఆపండి! ఈయన కాదు!"

"ఏమంటున్నావు?"

"ఆ కండ్లు ఈయనవి. నేనే పెట్టినాను. నిన్న మీరు తెరువు అన్నారు కదా. మా స్టూడియోలో అందరికీ ఈయన కండ్లే పెడతాను. కంప్యూటర్ పట్టుకున్నది గుడ్లగూబను కాదు సార్, ఆండియప్ప కండ్లను!"

ఉదయకుమార్ వెంటనే తేన్మొళి వైపు తిరిగాడు. "నువ్వు చూశావు కదా వాణ్ణి. చెప్పు."

తేన్మొళి లిప్‌స్టిక్ మూత పెట్టింది. "ఈయనే సార్. రైతు వేషం. పావం అక్క, ఊరివాడు అని మనసు కరిగిపోయినట్టు ఉండాది."

"అబద్ధం!"

"నాకేమిటికి అబద్ధం అక్కా? నేను వాడితో రైల్లో వచ్చినదాన్ని. నువ్వు వాడి దగ్గర కరివేపాకు తీసుకున్నదానివి."

కరివేపాకు మాట లక్ష్మిప్రియ శాఖకు ఎప్పుడూ చెప్పలేదు. తేన్మొళికి ఆ సంగతి తెలియాలంటే ముఠా తన స్టూడియోను కనిపెట్టి ఉండాలి. అంటే ఈ పిల్ల ఇవాళ నిలబడింది ముఠా పక్కన. శాఖ తుపాకులన్నీ ఆండియప్ప వైపు చూస్తుంటే, అసలువాడు నిమ్మళంగా బస్సు ఎక్కిపోతాడు.

చెవిలో ఇళంగో గొంతు పలికింది. ఇళంగో శాఖ షూటర్. ఎదురుగా ఉన్న ఇనుప చట్రం మీద ఫ్లెక్స్ బ్యానర్ కట్టేవాడి వేషంలో కూర్చుని ఉన్నాడు. "టార్గెట్ క్లియర్. పక్కన పచ్చ సంచి. చేయి సంచి వైపు పోతా ఉండాది."

ఉదయకుమార్ స్క్రీన్ చూశాడు, లక్ష్మిప్రియను చూశాడు. పోయినసారి లేచిపోయిన బస్టాండు అతని కండ్ల ముందు ఉంది. "నాకు రిస్క్ తీసుకునే హక్కు లేదు ప్రియా."

ఆమె వ్యాను తలుపు తోసి దూకింది.

*

ఆండియప్ప కరివేపాకు మోపుల మధ్య గొంతుకూర్చుని ఉన్నాడు. వక్కాకు కోసం గుడ్డ సంచి మూతి విప్పుతున్నాడు. అతనికీ ఇనుప చట్రానికీ మధ్యకు లక్ష్మిప్రియ వచ్చి నిలబడింది. వీపు తుపాకీకి ఇచ్చింది.

"తప్పుకోండి మేడమ్," అంది చెవిలో ఇళంగో గొంతు.

ఆమె తప్పుకోలేదు.

"అయ్యో, జీవితమ్మణి! నువ్వు ఎక్కడ ఇక్కడ?" ఆండియప్ప ముఖం వెలిగిపోయింది. "ఇది ఏమి వేసం? కెమెరా అంతా పెద్దదిగా ఉండాదే?"

"పేపర్లో పని దొరికింది మామా. ముందు ఆ సంచిలోనుంచి చేయి తీయి."

"వక్కాకు అమ్మణీ..."

"తీయి మామా! ఫోటో తీస్తాను. వక్కాకు నమిలితే పండ్లు ఎర్రగా పడతాయి."

అతను చేయి తీసి పంచెకు తుడుచుకున్నాడు. తలపాగా సరిచేసుకుని, ఆ కండ్లతోనే ఆమెను చూశాడు. ఎదుటి మనిషిని నమ్మినట్టు. ఆ చూపు తట్టుకోలేక ఆమె కెమెరా ముఖానికి అడ్డం పెట్టుకుంది.

తేని బస్సు ఇంజిన్ మొదలయింది. కండక్టర్ విజిల్ చేతిలోకి తీసుకున్నాడు. బస్సు పక్కనే టీ బంకు, దాని ముందు గుంపుగా మగవాళ్లు. కూలీలు, ప్రయాణికులు, వ్యాపారులు. వాళ్లలో ఒకడు గుడ్లగూబ. ఎవడు?

ఆమెకు అతని ముఖం తెలుసు. శాఖలో ఎవరికంటే ఎక్కువ తెలుసు. ఆ ముఖం మీద పని చేసింది ఆమే కదా. కానీ ఆమె చూసింది కండ్లు మూసిన ముఖం. మూసిన ముఖానికి ఒక గుర్తు ఉండింది. ఎడమ రెప్ప మీద తెల్లని కోత. కండ్లు తెరిస్తే అది మడతలోకి పోతుంది. ఆ ఒక్క గుర్తునే ఆమె తన చేత్తో కప్పేసింది.

స్టూడియోలో ఎవరైనా రెప్ప వేస్తే రామక్కాళ్ తిట్టే తిట్టు గుర్తుకొచ్చింది. "పాడు రెప్ప! ఫ్లాష్ కొడితే వాలకుండా ఉండదు కదా!"

"మామా," అంది లక్ష్మిప్రియ, "ఆ టీ బంకు దగ్గర వాళ్లందరినీ పిలువు. మార్కెట్ ఫోటో, రేపు పేపర్లో వస్తుంది."

ఆండియప్పకు అంతకంటే చెప్పాల్సింది లేదు. "వాంగ, వాంగ! అందరూ రండప్పా! పేపర్లో ఫోటో! ఏమయ్యా, మొగం తిప్పుకుంటావు యాల? పెండ్లి కాకుండా ఉంటే ఈ ఫోటో చూసి అయినా ఎవరైనా పిల్లనిస్తారు, నిలబడు!"

జనం గొల్లున నవ్వారు. ఫోటో అంటే వద్దనేవాడు మార్కెట్‌లో ఎవడు? తోసుకుంటూ వచ్చి నిలబడ్డారు. వెనక్కి జరగబోయిన వాణ్ణి కూడా ఆండియప్ప భుజం మీద చేయి వేసి లాగి తన పక్కన నిలబెట్టాడు.

"మూడు అనేదాకా రెప్ప వేయకూడదు," అని లక్ష్మిప్రియ ఒకటి అనకముందే ఫ్లాష్ కొట్టింది.

తెల్లని వెలుగు. ఆమె కెమెరా వెనక తెర చూసింది. అందరి కండ్లూ మూసుకున్నాయి. ఆండియప్పవి కూడా, మొట్టమొదటిసారి. అతని పక్కన, అతను చేయి వేసి లాక్కొచ్చిన నీలం చొక్కా మనిషి ఎడమ రెప్ప మీద తెల్లని కోత.

"ఇళంగో! నీలం చొక్కా! ఆండియప్ప ఎడమ పక్క! రెప్ప మీద మచ్చ!"

నీలం చొక్కా ఆ మాట విన్నాడు. చేయి తోలు సంచిలోకి దూరింది. లక్ష్మిప్రియ వాడి ముఖానికి జానెడు దూరంలో ఫ్లాష్ ఇంకోసారి కొట్టింది. వాడు కండ్లు పొడిచినట్టు అరిచి వెనక్కి తూలాడు. వెనకాల కరివేపాకు మోపు ఉంది. వాడు పడ్డాడు, వాడి మీద ఇంకో మోపు పడింది, ఆ మోపు మీద ఆండియప్ప పడ్డాడు.

"దొంగనా అమ్మణీ? పేపర్‌కారి సంచి కొట్టేయాలని చూసినాడా?"

"ఆమా మామా, దొంగే! వాడి చేయి! చేయి పట్టుకో!"

తోటలో ఎడ్లను ఆపిన చేతులు అవి. గుడ్లగూబ వేలు బటన్ మీదికి చేరి, నొక్కే బలం లేకుండా ఆగిపోయింది. ఇళంగో చట్రం దిగి పరుగెత్తుకొచ్చి ఆ వేలిని మెల్లగా విడదీశాడు. సంచి అడుగున డ్రోన్ డిజైన్లున్న చిప్ దొరికింది. తేని బస్సు విజిల్ వేసుకుని, ఒక ప్రయాణికుడు తక్కువగా బయలుదేరింది.

వ్యాను వెనకనుంచి జారుకోబోయిన తేన్మొళిని ఉదయకుమారే పట్టుకున్నాడు. సంకెళ్లు వేసి రికార్డుకు ఫోటో తీయమన్నాడు. ఆమె లక్ష్మిప్రియ కెమెరా వైపు చూసి గడ్డం కాస్త పైకెత్తింది.

"కండ్ల కింద నలుపు ఉండాది. కొంచం తీసేస్తావా అక్కా?"

"ఇకమీద ఎవరి ముఖంలోనూ ఏమీ తీయను," అంది లక్ష్మిప్రియ.

ఉదయకుమార్ ఆమె పక్కకు వచ్చాడు. "రిపోర్ట్‌లో కండ్ల సంగతి రాయాల్సిన పని లేదు ప్రియా. తెరువు అన్నది నేనే."

"అతికించింది నేను సార్. రాస్తాను."

*

ఖాళీ చేసి పోయే ముందు ఆమె కారమడైకి ఒకసారి వచ్చింది. మదురైలో పత్రికా ఉద్యోగం అని రామక్కాళ్‌కు చెప్పింది. అదీ అబద్ధమే. రామక్కాళ్ ఏడ్చి, టిఫిన్ బాక్సులో పులిహోర కట్టింది. లక్ష్మిప్రియ దాన్ని రెండు చేతులా పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది.

ఆండియప్ప వచ్చాడు. చేతిలో కరివేపాకు కట్ట.

"మార్కెట్ ఫోటో ఏది అమ్మణీ? పేపర్లో రాలేదే. పోనీ, దొంగను పట్టినవాడిని నేను. ఇంట్లో గోడకు తగిలిస్తాను."

ఆమె ప్రింటు ఇచ్చింది. నీలం చొక్కా మనిషిని క్రాప్ చేసి తీసేసింది. ఆండియప్ప ఫోటోను దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఏమమ్మా, అందరమూ కండ్లు మూసినాము! ఇట్ల ఉంటే వరుసగా పీనుగలు నిలబడినట్టు ఉండాది. తెరిచి ఇయ్యి."

"ఎవరి కండ్లు పెట్టేది మామా?"

"అది నాకేమి తెలుసు? నీ దగ్గర మంచివి ఏవైనా ఉంటాయి కదా."

లక్ష్మిప్రియ మౌస్ వదిలేసింది. లోపల ముల్లు ఇక ఆగనివ్వలేదు. ఫైలు తెరిచి చూపించింది. నీలం తెర మీద రెండు కండ్లు, నిండుగా, తేటగా.

"ఇవి నీవి మామా. నిన్ను అడగకుండా తీసుకున్నాను. ఊళ్లో పోయినవాళ్లందరికీ ఇవే పెట్టినాను. మీ బావకు కూడా. తప్పు చేసినాను."

తుపాకీ మాట ఆమె చెప్పలేదు. ఆ మాట శాఖది, దాటించే హక్కు ఆమెకు లేదు.

ఆండియప్ప తెర దగ్గరికి వంగాడు. తన కండ్లను తాను ఎగాదిగా చూసుకున్నాడు. కోపం వస్తుందేమోనని ఆమె ఎదురుచూసింది. వస్తే బాగుండుననుకుంది.

"అదీ సంగతి!" అన్నాడు అతను చివరికి. "మా బావ అంత పాసంగా చూసేది ఏమిటికా అని అనుకుంటా ఉంటి."

"ఈ ఫైలు ఇప్పుడే చెరిపేస్తాను మామా."

"చెరిపితే మటుకు గోడల మీద ఉండేవి పోతాయా? ఉండనీ." కరివేపాకు కట్ట బల్ల మీద పెట్టి, మెట్టు దిగబోతూ వెనక్కి తిరిగాడు. "ఒకటి మటుకు గుర్తు పెట్టుకో అమ్మణీ. నేను పోయినప్పుడు నా ఫోటోలో కండ్లు మూసే ఉంచమని ఇక్కడ చెప్పి పో. ఇన్ని ఇండ్లలో మేలుకొని కూర్చుంటే, ఎప్పుడో ఒకప్పుడు నిద్ర పట్టాలి కదా!"